దీపం నిలవని చోట

సెప్టెంబరు 16, 2024, సోమవారం

సెరంగూన్‌లో రైలు మారితే సీటు దొరికింది. కెంట్ రిడ్జ్ దాకా రాసుకోవచ్చు. పక్కావిడ తొంగి చూసినా ఏమీ అర్థం కాదు. తెలుగులో రాసుకోవడంలో ఉన్న సుఖమే ఇది.

మొగలిపూలు వచ్చాయి. సోంపేటలో శుక్రవారం కోసినవి నిన్న విమానం దిగాయి. తడిగుడ్డ విప్పగానే ల్యాబ్ ల్యాబంతా ఇసుక దిబ్బలైపోయింది. సైన్స్ పార్కులో నాలుగో అంతస్తు, కిటికీలు తెరుచుకోవు, అయినా ఎక్కడో అల విరుగుతున్నట్టే అనిపించింది నాకు. ఈ ఒక్క వాసనని సీసాలో పట్టగలిగితే చాలు, ఈ జన్మకి నేను చదివిన కెమికల్ ఇంజనీరింగ్ అంతా సార్థకమే.

నిన్న ఆదివారమైనా, మా ఈ చిన్న కంపెనీ పెట్టిన చైతన్య వాళ్లమ్మని ల్యాబ్‌కి తీసుకొచ్చాడు. కమలాదేవి ఆంటీ ప్రొద్దుటూరు నుంచి వచ్చి నెలైంది, కొడుకు మూడేళ్లుగా ఏ మిషను వెనకాల పడి తిరుగుతున్నాడో చూడాలని ఆవిడ పట్టు.

"ఇది ఏం చేస్తాదే పాపా?" అంది.

ఫ్రిజ్జుల్లో తిరిగే గ్యాసే ఇందులోనూ ఉంటుందనీ, దాన్ని ద్రవంగా చేసి పువ్వు మీదుగా పంపితే వాసన అందులోకి దిగుతుందనీ, గ్యాస్‌ని వెనక్కి లాగేస్తే చుక్క నూనె మిగులుతుందనీ చెప్పాను. వేడి తగలదు కనుక పువ్వు వాసన పువ్వులాగే ఉంటుంది.

"గ్యాసు వాసన తగుల్కోదా?"

"దానికసలు వాసనే లేదు ఆంటీ."

"వాసన లేనిది ఇంట్లో ఉంటే, ఉండాదని ఎట్ల తెలుస్తాది?"

మిషను ఉన్న మూల చుట్టూ మోకాలెత్తు గట్టు ఉంటుంది, ఏదైనా ఒలికితే బయటికి పాకకుండా. ఆ గట్టు లోపలి వైపు బిగించిన చిన్న పెట్టె చూపించాను. అది అరుస్తుంది అన్నాను. మరీ అంత కిందకెందుకు పెట్టారంది. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, అందుకని అన్నాను. చాలా తెలివైన ప్రశ్నలు వేసిందావిడ. చైతన్య ఇన్నేళ్లలో వేసినవాటికంటే నయం.

సెప్టెంబరు 19

మధ్యాహ్నం గట్టు లోపల పీట వేసుకుని మొగలి రేకులు వలుస్తున్నాను. మూడింటికి ఒళ్లు తేలికైపోయింది. చేతులు నావి కానట్టు, వాటంతటవే పని చేసుకుపోతున్నాయి. చిన్నప్పుడు నాన్న సైకిలు వెనక నిద్రపోతూ ప్రయాణం చేసిన సుఖం. ఇష్టమైన పని చేస్తే అలసట ఉండదంటారు, నిజమే.

సెప్టెంబరు 23

ఈరోజు మల్లికార్జునరావు అంకుల్ వచ్చారు. ఉబీలో ఆయనకి ఏసీల కంపెనీ ఉంది. ఇరవై ఏళ్లుగా పెద్ద బిల్డింగుల పాత ఏసీ ప్లాంట్లు విప్పడం, కొత్తవి పెట్టడం ఆయన పని. తెలుగువాళ్ల ఏ పండక్కైనా మైకు ముందు నిలబడేది ఆయనే. మనిషి నవ్వుతూనే ఉంటారు. నవ్వు ఆపితే ఏం చెప్తారో అని నాకెప్పుడూ కొంచెం భయం.

"మీ మిషన్లు నాలుగు కావాలమ్మా. ఉత్తర థాయ్‌లాండ్‌లో మా స్నేహితుడికి తోట ఉంది."

ఏం తోట అని చైతన్య అడిగాడు.

"గంజాయి. ఏందయ్యా అట్టా చూస్తావు? అక్కడ కొట్లల్లో పెట్టి అమ్ముతున్నారు. దాని నూనెకి మందుల కంపెనీలు ఎగబడుతున్నాయి. సారాతో తీస్తే పచ్చగా చేదుగా వస్తందంట, బ్యూటేన్‌తో తీస్తే షెడ్లు పేలుతున్నాయి. మీ గ్యాస్ అంటుకోదు కదా. ఇంకేం?"

ఒక కాగితం కావాలట. మా లెటర్‌హెడ్ మీద, నా సంతకంతో, ఈ గ్యాస్ ఇందుకు సురక్షితం, చట్టబద్ధం అని. కంపెనీలో భద్రత చూసే ఇంజనీరుని నేనే కనుక. అక్టోబరు 14న ఆ స్నేహితుడు వస్తాడు, మిషను నడిపి చూపించాలి. మొగలితోనే చూపించమన్నారు. "ఆ ఆకు పేరు కూడా ఇక్కడ ఎవరూ ఎత్తొద్దు" అని తనే రెండుసార్లు చెప్పారు, పేరు ఎత్తింది తనే అయినా.

ఆయన వెళ్లాక చైతన్య లీజు కాగితాలు తీసి ముందేసుకున్నాడు. డిసెంబరులో ల్యాబ్ లీజు ముగుస్తుంది. ఈ ఆర్డరు రాకపోతే తలుపుకి తాళం. అది మా ఇద్దరికీ తెలుసు, కనుక ఎవరం పైకి అనలేదు.

"నువ్వు రాస్తావు కదా అరుణా?" అన్నాడు చివరికి.

చూస్తానన్నాను.

సెప్టెంబరు 24

పొద్దున్న కాఫీ దగ్గర సాయికి చెప్పాను. బ్యాంకులో రూల్స్ చూసే ఉద్యోగం చేసేవాణ్ణి పెళ్లి చేసుకున్నందుకు ఇది శిక్ష.

"నీకు మతి గాని పోయిందేటి? మొదటిసారి ఈ దేశంలో దిగినప్పుడు ఇచ్చిన కార్డు మీద, మత్తుమందు తెస్తే ఉరేనని ఎర్రక్షరాల్తో రాసుంది, మర్చిపోయావా?"

"ఆకు ఇక్కడికి రాదు. నేను ముట్టుకోను. గ్యాస్ గురించి రాస్తున్నానంతే."

"మనం ఇక్కడ పర్మనెంట్ రెసిడెంట్లం. బయట దేశంలో వాడొచ్చినా ఇక్కడ టెస్టులో దొరికితే కేసే. ఆ కాగితం లేకపోతే ఆయన ఆ మిషను నడపగలడా?"

"లేడేమో."

"మరైతే ఆ పని మొదలయ్యేది నీ సంతకంతోనే. ఇంకోటి. అక్కడ ఆకు వేరు, నూనె వేరు. నూనెలో మత్తు శాతం హద్దు దాటితే ఆ దేశంలో కూడా లైసెన్సు ఉండాలి. ఆయన దగ్గరుందా?"

అడగలేదన్నాను.

"ఏటడిగేవు మరి?"

ఏమీ అడగలేదు. ఇప్పుడు రైల్లో కూర్చుని చూస్తే నిజంగానే ఏమీ అడగలేదనిపిస్తోంది. కానీ సాయికి ప్రతిదీ భయమే. కుళాయి కింద గ్లాసు పెట్టినా ఫారం నింపమంటాడు.

సెప్టెంబరు 27

కాగితం రాశాను. బాగా వచ్చింది. "ఈ గ్యాస్ శుద్ధమైన గ్రేడులో, గాలి బాగా ఆడే చోట, నిరూపితమైన పూలజాతుల నుంచి సుగంధం తీయడానికి వాడదగినది."

అంకుల్‌కి పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్. "పూలజాతులు ఎందుకమ్మా? మొక్కలు అని పెట్టు. గడ్డి కూడా మొక్కే కదా."

పెట్టాను. మొగలి కూడా మొక్కే.

సెప్టెంబరు 30

గట్టులోని పెట్టె రెండు గంటలప్పుడు అరిచింది. ఆ టైముకి చైతన్య కస్టమర్‌తో ఫోన్‌లో ఉన్నాడు, చెయ్యి ఊపాడు ఆపమని. గోడ మీది అలారం ప్యానెల్ దగ్గరికెళ్లి ఆపాను. సెన్సరు పాతది. తేమకి కూడా అరుస్తుంది.

రేకులు వలిచాను. ఎంత శాంతిగా ఉందో. వానలో కెంట్ రిడ్జ్ కొండ కనబడకుండా పోయింది, కిటికీ అద్దం మీద పాలు పోసినట్టుంది. నేను ఆ పాలలోపల ఎక్కడో కూర్చుని ఉన్నాను. అమ్మ కొప్పులోంచి మొగలి రేకు జారి పడినట్టు, నేను వంగి తీసినట్టు. కళ్లు తెరిచి చూస్తే నేల మీద నిజంగానే రేకు ఉంది, నా చేతిలోంచి పడిందే. ఇన్నేళ్లకి అమ్మ ఇంత దగ్గరగా వచ్చింది.

అక్టోబరు 2

అంకుల్ మళ్లీ ఫోన్ చేశారు. "శుద్ధమైన గ్రేడు" తీసేయమన్నారు.

"అది తీయలేనంకుల్. నూనె లోపలికి తీసుకునేవాళ్లుంటారు కదా."

"అమ్మాయ్, నా దగ్గర పాత ప్లాంట్లలోంచి లాగిన గ్యాస్ సిలిండర్ల కొద్దీ ఉంది. అదే గ్యాస్ కదా?"

కాదు. పాత ప్లాంటులోంచి తీసిన దాంట్లో కంప్రెసర్ ఆయిలు ఉంటుంది, యాసిడ్ ఉంటుంది, ఏ ఏ గ్యాసులు కలిశాయో లాగినవాడికీ తెలియదు. అదంతా నూనెలో మిగిలిపోతుంది. ఇదంతా ఆయనకి చెప్పాను. విన్నారు. "సరే, వాళ్లు శుద్ధి చేసుకుంటార్లే, అది వాళ్ల తిప్పలు. నువ్వు మాత్రం ఆ మాట తీసెయ్" అన్నారు.

శుద్ధి చేసుకుంటారట. అయితే ఆ మాట ఉన్నా లేకపోయినా ఒకటే. తీసేశాను.

అక్టోబరు 3

పెట్టె అరిచింది. సెన్సరు పాతది. ఆపాను.

అక్టోబరు 4

ఇవాళ రేకులు వలుస్తూ పాట పాడానట. చైతన్య చెప్పాడు. నాకు గుర్తు లేదు. ఏం పాట అంటే, "మాటల్లేవు, ఊరికే కూనిరాగం. బాగుంది, ఇంకా పాడు" అన్నాడు.

చాలా సంతోషంగా ఉంది. గుండె కొంచెం దడదడలాడుతోంది, మెట్లెక్కినట్టు. సంతోషం కూడా గుండెకి పనే కదా. సాయంత్రం హాకర్ సెంటర్‌లో, ఆ తిండి కొట్ల మధ్య, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి సీటు పట్టుకున్నాను, టీ తెచ్చుకునేసరికి ఏ టేబులో మర్చిపోయాను. మూడు టేబుళ్లు తిరిగాను. ఒక ముసలాయన నవ్వి చూపించాడు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చేసరికి తలనొప్పి. కెంట్ రిడ్జ్ స్టేషన్ దాకా నడిస్తే తగ్గిపోతుంది రోజూ. ఇవాళ తగ్గలేదు.

అక్టోబరు 7

"గాలి బాగా ఆడే చోట" కూడా తీసేశాను. అక్కడ షెడ్డు మూసే ఉంచాలట, వాసన బయటికి పోకూడదు కనుక. ఇప్పుడు వాక్యం చిన్నదయింది. "ఈ గ్యాస్ మొక్కల నుంచి నూనె తీయడానికి సురక్షితం, చట్టబద్ధం." చిన్న వాక్యాలే బాగుంటాయి.

సాయి ఏం రాశావని అడిగితే ఇంకా రాయలేదన్నాను.

అక్టోబరు 9

ఆపాను. పాతది.

అక్టోబరు 11, శుక్రవారం

నిర్ణయించుకున్నాను. సోమవారం డెమో అయ్యాక అందరి ముందూ సంతకం పెడతాను. తర్వాత వాళ్ల తోట, వాళ్ల దేశం, వాళ్ల చట్టం. నా మొగలి నాకుంటుంది. ఇవాళ సీసాలో తొమ్మిది చుక్కలు. మూత తీసి మళ్లీ పెట్టేశాను, ఆ కాస్తా ఆవిరైపోతుందని భయమేసి.

రేపు విజయదశమి. కమలాదేవి ఆంటీ ఆయుధపూజ చేయాల్సిందేనంది. ప్రొద్దుటూరులో వాళ్లాయన నూనె మిల్లులో ఏటా చేసేవారట. బిల్డింగులో మంట వెలిగించకూడదని రూలుందని చైతన్య నసిగాడు. నేనే అన్నాను, ఒక్క దీపానికి ఏమవుతుంది, మనది మంట పట్టే గ్యాస్ కాదుగా అని.

ఆంటీ నా బుగ్గలు నిమిరింది.

అక్టోబరు 13, ఆదివారం, ఆసుపత్రి కారిడార్

పొద్దున్న పదయింది. ఆంటీ పడుకుని ఉంది. గుండె కొట్టుకోవడం అప్పుడప్పుడూ తప్పుతోంది, ఇంకా రెండు రోజులు చూడాలన్నారు. మాట్లాడుతోంది, అన్నీ గుర్తున్నాయి. ఈ మాటలు ముందు రాస్తేగాని మిగతావి రాయలేను.

శనివారాలు ఒంటిగంటకి బిల్డింగులో ఏసీ ఆపేస్తారు. మేం వెళ్లేసరికి రెండున్నర. గాలి కదలకుండా ఉక్కగా ఉంది. ఆంటీ పట్టుచీరలో గట్టు మీద కూర్చుని, కాళ్లు రెండూ మెల్లగా అటు వేసుకుని లోపలికి దిగింది. నేల మీద చాప వేసుకుని వంగి ముగ్గు పెట్టింది. మిషనుకి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, నిమ్మకాయలు పెట్టింది. మేమిద్దరం గట్టు బయట నిలబడ్డాం, లోపల ముగ్గురికి చోటు లేదని.

ముగ్గు మధ్యలో దీపం పెట్టి వెలిగించబోయింది. అగ్గిపుల్ల కిందికి తెచ్చేసరికి ఆరిపోయింది. రెండోదీ అంతే. మూడోసారి చైతన్య బయట టేబుల్ మీద ప్రమిద వెలిగించి ఇచ్చాడు. టేబుల్ మీద నిబ్బరంగా వెలిగింది. ఆంటీ రెండు చేతులా పట్టుకుని కిందికి దించుతుంటే మంట సాగి, పాలిపోయి, నేల ఇంకా మూరెడు ఉందనగా పోయింది. ముక్కు మండే ఘాటు ఒకటి వచ్చింది. నూనె వాసన కాదది.

"దీపం నిలబడ్తాలేదు పాపా. ఇది మంచిది కాదు" అంది ఆంటీ. మాట ముద్దగా వచ్చింది.

"ఏసీ గాలికమ్మా" అన్నాడు చైతన్య.

"ఏసీ లేదు చైతన్యా" అన్నాను. "ఒంటిగంటకే ఆపేశారు."

ఆ మాట నేనే అన్నాను. నా చెవికి అది ఆలస్యంగా చేరింది. అగ్గిపుల్ల ఒకటి గీసి గట్టు మీంచి మెల్లగా లోపలికి దించాను. గట్టు అంచు దాటగానే, నీళ్లలో ముంచినట్టు ఆరిపోయింది. ఇంకొకటి గీశాను. అక్కడే, ఆ ఎత్తులోనే. గట్టు నిండా గ్యాస్ ఉంది, ఇందాకటి ఘాటు మంటకి అది విరిగి వచ్చినదే. తొట్టిలో నీళ్లలా నిండి ఉంది, కనపడకుండా. ఆంటీ దాని అడుగున కూర్చుని ఉంది.

"నిద్దర వస్తాంది" అంటూ ఆవిడ తల మోకాళ్ల మీదికి వాల్చింది. కుంకుమ పళ్లెం జారింది.

ఊపిరి బిగపట్టి దూకాను. చైతన్య అటునుంచి భుజాలు పట్టాడు. పట్టుచీర జారిపోతోంది, పట్టు దొరకదు. బరువు మనిషి. గట్టు మీదుగా లాగి, తలుపు తన్ని, కారిడార్‌లోకి తెచ్చాం. పెదవులు నల్లబడ్డాయి. నేను పేరు పెట్టి అరిచాను, కమలాదేవీ, కమలాదేవీ అని, ఆంటీ అనడం కూడా తోచలేదు. ఎంతసేపో తెలియదు. దగ్గింది. అప్పుడు చైతన్య గోడకి చేరబడి ఏడ్చాడు.

అంబులెన్స్‌లో ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "దీపం చెప్పింది. నువ్వు విన్నావు" అంది.

పెట్టె అరవలేదు. నిన్న ఒక్కసారి కూడా అరవలేదు. శుక్రవారం మధ్యాహ్నం దాన్ని ఊరికే ఆపడం కాదు, డెమో అయ్యేదాకా మోగకుండా పక్కన పెట్టేశాను. ఆ సంగతి డైరీలో రాయలేదు.

అక్టోబరు 14

డెమో లేదు. అంకుల్ ఫోన్ చేశారు. ముందు ఆంటీని అడిగారు, మర్యాదగానే. తర్వాత, "ఇట్టాంటివి చిన్నచిన్నవి అవుతుంటయ్యమ్మా. మా స్నేహితుడు రేపు వెళ్లిపోతున్నాడు, ఆ కాగితం ఇచ్చేస్తే చాలు. మిషను అక్కడే చూసుకుంటాడు" అన్నారు.

ఆసుపత్రి కింద తోటలో నిలబడి ఉన్నాను. తలనొప్పి లేదు. రెండు రోజులుగా లేదు. మూడు వారాల తర్వాత మొదటిసారి నా బుర్ర నా దగ్గరే ఉంది, అదేమంత హాయిగా లేదు.

"అంకుల్, అక్కడ షెడ్డులో మనుషులు ఎక్కడ కూర్చుంటారు?"

"ఏందమ్మా?"

"ఆకు వలిచేవాళ్లు. ఎక్కడ కూర్చుని పని చేస్తారు?"

"కిందే. ఆడవాళ్లు చాపలేసుకుని కూర్చుంటారు. ముప్పై మంది దాకా ఉంటారు. ఎందుకు?"

"నేను సంతకం పెట్టను."

నవ్వు ఆపారు. అప్పుడు ఏం చెప్తారో అని ఇన్నాళ్లూ భయపడ్డాను. "చైతన్యని రోడ్డున పడేస్తన్నావు" అన్నారు. అంతే. నిజమే చెప్పారు.

అక్కడే నిలబడి ఫోన్‌లో రాసి పంపాను. మూసిన షెడ్డులో ఈ గ్యాస్ మనిషిని చంపుతుంది. పాత ప్లాంట్ల గ్యాస్‌తో తీసిన నూనె ఎవరి ఒంట్లోకీ పోకూడదు. మీ దగ్గర అక్కడి లైసెన్సు ఉందో లేదో నేను అడగలేదు, ఉందని మీరూ చెప్పలేదు. ఉన్నా, ఇక్కడ కూర్చుని ఈ పనికి నేను కాగితం ఇవ్వలేను. ఇంతకు ముందు పంపిన చిత్తుప్రతులేవీ చెల్లవు.

సాయికి చూపించాను. మొదటిసారి ఏ ఫారమూ అడగలేదు. నా జడ సవరించి, "అన్నం తిందాం పద" అన్నాడు.

అక్టోబరు 15

ఆంటీని ఇంటికి పంపారు. ల్యాబ్‌కి తనిఖీవాళ్లు వచ్చారు. మిషను వెనక ఒక వాల్వు దగ్గర లీకు, సన్నది. వారాల నుంచీ ఉండి ఉంటుందన్నారు. మామూలు రోజుల్లో ఏసీ గాలి చెదరగొట్టేది కనుక ఎవరూ పడిపోలేదు, శనివారం గాలి ఆగింది. నా పీట, నా పాట, అమ్మ కొప్పు. అన్నీ ఆ వాల్వులోంచి వచ్చినవే. అమ్మ కూడా.

అలారం పక్కన పెట్టేసి ఉందేమిటని అడిగారు. నేను నోరు తెరిచేలోపే చైతన్య చెప్పాడు. "సెన్సరు పాతది సర్. తేమకి ఊరికే మోగుతుంది. అందుకే ఆపి ఉంటాం."

నా మాటలు. అక్షరం మారకుండా నా మాటలు, నన్ను నమ్మి. అవి అతని పేరు మీద రాసుకున్నారు. సెన్సరుని తీసి పరీక్షకి పంపారు.

తెరిచిన నోరు నేను మూసేశాను.

అక్టోబరు 16

రాయబుద్ధి కాలేదు.

అక్టోబరు 18

సెన్సరు బాగానే ఉందట. చిన్న లోపం కూడా లేదు. చైతన్య ఫోన్‌లో చెప్పాడు. "అయితే తప్పు మనదే అంటారు. నా మీదే పెడతారు, కంపెనీ నా పేరున ఉంది కదా" అన్నాడు. నన్ను ఒక్క మాటా అడగలేదు.

పాత పేజీలు తిరగేశాను. అలారం ఆపానని మూడు చోట్ల రాశాను. ప్యానెల్ లెక్కలో పదకొండు సార్లు ఉంది. ఎవరు ఆపారో ప్యానెల్ రాసుకోదు. మిగతా ఎనిమిదీ నేనూ రాసుకోలేదు.

అక్టోబరు 19, శనివారం

ఇంటికి తిరిగొచ్చే రైల్లో రాస్తున్నాను.

పొద్దున్నే బెడోక్‌లో చైతన్య ఇంటికి వెళ్లాను. ఆంటీ సోఫాలో కూర్చుని ఉంది. పై అంతస్తు ప్రభావతి గారు చూడ్డానికొచ్చారు. ఆంటీ ఆవిడకి కథంతా చెప్తోంది, ఎన్నోసారో. దీపం ఆరడం, మళ్లీ ఆరడం, నేను అగ్గిపుల్ల గీయడం.

"ఈ పాప లేకుంటే నేను ఆడ్నే పోయుంటి. నా కడుపున పుట్టలేదు గానీ నా బిడ్డే" అంది. ప్రభావతి గారు నా చేతులు పట్టుకున్నారు.

ఆవిడ వెళ్లాక ఆంటీ లేచి, వద్దంటున్నా వినకుండా, పళ్లెంలో ఓళిగ, మా బొబ్బట్టే, పెట్టి తెచ్చింది. నా కోసం చేసిందట. నెయ్యి వేసింది. "తిను పాపా, చిక్కిపోతివి" అంది.

తినలేకపోయాను. పళ్లెం పక్కన పెట్టి, ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని చెప్పేశాను. ఆ పెట్టె పాతది కాదు ఆంటీ. అది నిజమే చెప్పింది. రెండు వారాల నుంచీ చెప్తూనే ఉంది. పదకొండు సార్లు దాని నోరు నేనే మూశాను. మీరు వస్తారని తెలిసిన రోజు పూర్తిగా కట్టేశాను, డెమోలో అరిచి పరువు తీస్తుందని. మిమ్మల్ని ఆ గట్టులోకి దింపింది నేనే.

ఆవిడ నా తల వైపు చూస్తూ ఉండిపోయింది. కింద బస్సు ఒకటి వచ్చి ఆగి వెళ్లిపోయింది. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ చెయ్యి నా తల మీద పెట్టకపోతే బాగుండుననీ అనిపించింది. పెట్టలేదు. ఒళ్లోనే ఉంచుకుంది.

"దేవుడు దీపం ఆర్పినాడనుకుంటి" అంది చివరికి.

"కాదాంటీ."

"వానికి తెలుసునా?"

"చైతన్యకా? తెలీదు. నా మాటే నమ్మి వాళ్లతో చెప్పాడు."

"నాకు చెప్తివి, నీ బరువు దిగె. వాని నెత్తిన ఉండేది ఎవరు దించల్ల?" గొంతు పెంచలేదు. లోపలికి కేకేసింది, "ఒరే చైతన్యా, ఇట్ల రా."

అతను తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. నేల మీద నన్ను చూసి ఏమైందన్నాడు. ఆంటీ నా వైపు చూసింది. మళ్లీ మొదటినుంచీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం, ఈసారి ఏ మాట వస్తుందో ముందే తెలుసు కనుక. సెప్టెంబరు ముప్పై, నువ్వు ఫోన్‌లో ఉన్నావు, చెయ్యి ఊపావు, అన్నాను. వెంటనే, అది నీ తప్పు కాదు, ఆరోజు తప్ప మిగతా పదిసార్లు నువ్వు గదిలోనే లేవు, అన్నాను.

తువ్వాలు మెడలోనే ఉంది. అతను నా వైపు చూడలేదు. వాళ్లమ్మ పాదాల వైపు చూస్తున్నాడు.

"నన్ను ఒక్కసారి పిలిచి ఉంటే వాల్వు చూసేవాణ్ణి" అన్నాడు. "పది నిమిషాల పని."

"తెలుసు."

"మా అమ్మ, అరుణా."

"తెలుసు."

అప్పుడు ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు. అది న్యాయంగానే ఉంది.

కాసేపటికి అతను ఫోన్ తీసి, తనిఖీ ఆఫీసర్ నంబరు తెరిచి, టీపాయ్ మీద నా ముందు పెట్టాడు. స్పీకర్ వేశాడు. ఆంటీ సోఫాలోంచి లేచి వెళ్లలేదు, అక్కడే కూర్చుంది. శనివారం కదా, ఎత్తరేమో అనుకున్నాను. ఎత్తరని ఆశపడ్డాను. మూడో రింగుకి ఎత్తారు.

అలారం గురించి మంగళవారం మీకు చెప్పింది నిజం కాదు, ఆయనకి తెలియక చెప్పారు, ఆపింది నేను, అన్నాను. అవతల కాగితాలు కదిలిన చప్పుడు. ఆడగొంతు, పడుచు పిల్లలా ఉంది, విసుగు లేదు, కోపం లేదు. నా పూర్తి పేరు అడిగింది. చెప్పాను. అర్థం కాలేదంది, స్పెల్లింగ్ చెప్పమంది.

ఒక్కో అక్షరం ఆగి ఆగి చెప్పాను. ఆమె ఒక్కోటీ వెనక్కి చదివి సరిచూసుకుంది.